నాన్న లైట్ మీటర్ ఒకటి చెబుతోంది, కెమెరా ఇంకొకటి చెబుతోంది. ఏది నమ్మాలి?

కొర్లగుంట_120

మా నాన్నకి తిరుపతిలో స్టూడియో ఉండేది. పోయిన నెల ఇల్లు సర్దుతుంటే ట్రంకుపెట్టెలో ఆయన యాషికా 635 కెమెరా, గోసెన్ లూనాసిక్స్ 3 లైట్ మీటర్ దొరికాయి. మీటర్ తోలు కవరులో మడత పెట్టిన చీటీ ఒకటి ఉంది. నాన్న చేతిరాత: "మంటపం లోపల 1/30, 5.6. బయట పందిట్లో 1/125, 8." మొదటి అంకె షటర్ వేగం, రెండోది లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ అంకె. ఆ చీటీ చూశాక రెండింటినీ మళ్లీ పెట్టెలో పెట్టబుద్ధి కాలేదు.

మే నెలలో గంగమ్మ జాతరని ఈసారి ఫిల్మ్ మీద, ఆ యాషికాతోనే తీయాలని ఉంది. దాంట్లో మీటర్ లేదు కాబట్టి నాన్న మీటరే దిక్కు. ముందు పరీక్షిద్దామని తిరుచానూరులో మా పిన్ని కూతురి పెళ్లికి పట్టుకెళ్లి, మీటర్ చెప్పిన లెక్కలే డిజిటల్ కెమెరాలో పెట్టి తీశాను. అన్నీ నల్లగా వచ్చాయి. బయట నీడలో తీసినవి అరస్టాపు పైన తగ్గాయి (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం, లేదా సగం కావడం). హాల్లో తీసినవి ఒకటిన్నర స్టాపు దాకా తగ్గాయి.

చెన్నైలో ఒక రిపేరు షాపులో చూపించాను. రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి "సెల్ పోయింది, పారేయండి" అన్నాడు. మూత కూడా తెరవలేదు. చూసినందుకు 300 తీసుకున్నాడు. ముల్లు మాత్రం బ్రహ్మాండంగా కదులుతోంది. నిజంగా పోయిందా? ఇంట్లోనే క్యాలిబ్రేట్ చేసుకునే దారి ఏదైనా ఉందా?

పీలేరు_పిక్సెల్

ఈ రోజుల్లో మీటర్ ఎందుకన్నా? ఒక షాట్ కొట్టు, కెమెరా వెనక హిస్టోగ్రామ్ (వెలుతురు గ్రాఫు) చూడు, సరిచేసుకో. నేను 9 ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా, ఒక్కసారి కూడా మీటర్ ముట్టలేదు.

కొర్లగుంట_120

@పీలేరు_పిక్సెల్ ఫిల్మ్‌కి హిస్టోగ్రామ్ ఎక్కడిది అన్నా. రోలుకి 12 ఫ్రేములు. తప్పు తీశానో ఒప్పు తీశానో కడిగిన తర్వాతే తెలుస్తుంది.

పీలేరు_పిక్సెల్

అయితే డిజిటల్ కెమెరా పక్కన పెట్టుకుని దాని లెక్క యాషికాలో వేసెయ్. రెండు కెమెరాలు మోయాలి, అంతే.

సర్క్యూట్_సత్యవేడు

అందరూ ఆగండి. మీటర్లో ఏ బ్యాటరీలు వేశావు తమ్ముడూ? మూత తీసి పైన ఏం రాసుందో చూసి చెప్పు.

కొర్లగుంట_120

625ఏ అని ఉంది. ఆన్‌లైన్లో కొన్నా. సైజు కరెక్టుగా కూర్చుంది, బ్యాటరీ చెక్ నొక్కితే ముల్లు బాగానే లేస్తోంది.

సర్క్యూట్_సత్యవేడు

దొంగ దొరికాడు. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

లూనాసిక్స్ 3లో ఉన్నది కాడ్మియం సల్ఫైడ్ సెల్, సీడీఎస్ అంటాం. వెలుతురు పడితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. బ్యాటరీ నుంచి కరెంటు ఎక్కువ పారి ముల్లు లేస్తుంది. అంటే ముల్లు ఎంత లేవాలన్నది వెలుతురు ఒక్కటే తేల్చదు, బ్యాటరీ వోల్టేజీకీ అందులో వాటా ఉంది. ఆ మీటర్‌ని తయారు చేసింది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు రెండింటికి. పీఎక్స్625 అనేవాళ్లు. వాటి గుణం ఏంటంటే, వాడినన్నాళ్లూ 1.35 దగ్గరే నిలబడి, అయిపోయే రోజు ఒక్కసారిగా పడిపోతాయి. కొలిచే పనికి అంతకంటే ఏం కావాలి? పాదరసం విషం కాబట్టి ఆపేశారు. అమెరికాలో 1996లో చట్టమే తెచ్చారు.

నువ్వు వేసిన 625ఏ అదే సైజు, కానీ ఆల్కలైన్. 1.5 వోల్టులు, కొత్తగా ఉన్నప్పుడు ఇంకాస్త పైనే. రెండూ కలిపి 2.7 ఉండాల్సిన చోట 3 దాటుతుంది. ముల్లు ఉండాల్సిన చోటికంటే పైకి పోతుంది. "వెలుతురు బాగా ఉంది" అని మీటర్ చెబుతుంది, నువ్వు ఎక్స్‌పోజర్ తగ్గిస్తావు, ఫోటో నల్లబడుతుంది. చెక్ నొక్కినప్పుడు ముల్లు లేవడం కూడా ఇందుకే, అది బాగున్నట్టు గుర్తు కాదు.

ఇంతటితో అయిపోతే లెక్క సరిచేసుకుని వాడుకోవచ్చు. కానీ ఆల్కలైన్ వోల్టేజీ వాడేకొద్దీ జారిపోతూ ఉంటుంది. ఈ వారం చూసిన తేడా వచ్చే నెల ఉండదు. ఆ బ్యాటరీలు లోపల ఉండగా ఎన్నిసార్లు క్యాలిబ్రేట్ చేసినా మళ్లీ మొదటికే వస్తుంది.

వినికిడి మిషన్లకి వాడే జింక్ ఎయిర్ బ్యాటరీ తెచ్చుకో, 675 నంబరు. 1.4 వోల్టులు, నిలకడగా ఉంటుంది. వెనక స్టిక్కర్ పీకి, గాలి తగలడానికి ఒకట్రెండు నిమిషాలు బయట ఉంచి, తర్వాత వెయ్యి. సైజు చిన్నది. 625 వెడల్పు 16 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే ఇది 11.6. చుట్టూ రబ్బరు వాషర్ పెడితే కదలకుండా కూర్చుంటుంది. రబ్బరే పెట్టు, లోహం రింగు పెడితే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ఇది వద్దనుకుంటే ఎస్‌ఆర్43 సిల్వర్ ఆక్సైడ్ వేసే డయోడ్ అడాప్టర్లు దొరుకుతాయి, 1.55 వోల్టుల్ని కిందికి దించి ఇస్తాయి. ఖర్చు ఎక్కువ.

పుత్తూరు_ఫ్లాష్

675 నిజంగా పనిచేస్తుంది. నా పాత మీటర్‌కి అవే వాడతా. మొదటిసారి ఆస్పత్రి రోడ్డులో షాపుకెళ్లి అడిగితే "ఎవరికి సార్ చెవుడు, పెద్దాయనకా?" అన్నాడు. మీటర్‌కి అంటే కాసేపు నా వైపే చూసి, "మీటర్ కూడా వినపడనంత పాతదైందా" అని నవ్వి పాకెట్ చేతిలో పెట్టాడు.

కొర్లగుంట_120

@సర్క్యూట్_సత్యవేడు అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రేపే తెస్తా. కానీ హాల్లో ఒకటిన్నర, బయట అరస్టాపు పైన. ఈ తేడా కూడా బ్యాటరీ వల్లేనా?

సెలీనియం_మామ

హాల్లోకి వెళ్లే ముందు మీటర్ ఎక్కడుంది బాబూ?

కొర్లగుంట_120

బయట ఎండలో కొలిచి అట్లనే లోపలికి వెళ్లా. మెడలో వేలాడుతోంది, కవరు లేదు.

సెలీనియం_మామ

అదే అనుకున్నా. సీడీఎస్ సెల్‌కి జ్ఞాపకం ఉంటుంది. మనం ఎండలోంచి చీకటి గదిలోకి వస్తే కాసేపు కళ్లు కనిపించనట్టే, దానికీ సర్దుకోవడానికి టైమ్ కావాలి. మన కంటికి చీకటిగా తోస్తుంది, దానికి ఇంకా ఎండ తాలూకు వెలుతురు ఉన్నట్టు తోస్తుంది. అందుకే ఎక్కువ చూపిస్తుంది. లోపలికి వెళ్లే ముందు కాసేపు కవరులో పెట్టు. లోపల బటన్ నొక్కి ముల్లు పూర్తిగా ఆగేదాకా చూడు, మసక వెలుతురులో కొన్ని సెకన్లు పడుతుంది.

నేను సెకోనిక్ ఎల్‌-398 వాడతా, సెలీనియం సెల్. బ్యాటరీయే లేదు, వెలుతురే దాన్ని నడుపుతుంది, ఈ గొడవ అసలు ఉండదు. మసక వెలుతురులో మాత్రం చేతులెత్తేస్తుంది, అక్కడ మీ లూనాసిక్స్ రాజు. మీ నాన్నగారు పెళ్లి మంటపాలు తీసినవారు కదా, ఏరి కోరి కొనుక్కుని ఉంటారు.

ఇంకో మాట. రెండు మీటర్లకీ వెనకాల చిన్న జీరో స్క్రూ ఉంటుంది. బటన్ నొక్కకుండా ముల్లు సున్నా గీత మీద ఉందో లేదో ముందు చూడు. లేకపోతే సన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పు. ఇది చేయకుండా ఏ పరీక్షా మొదలుపెట్టొద్దు.

చంద్రగిరి_క్లిక్

కొత్తవాణ్ణి, ఒక డౌట్. ఫోన్లో ఫ్రీగా లైట్ మీటర్ యాప్‌లు ఉన్నాయి కదా, దాంతో పోల్చి చూసుకుంటే సరిపోదా?

సర్క్యూట్_సత్యవేడు

@చంద్రగిరి_క్లిక్ కెమెరాతో చూసే యాప్ పర్వాలేదు, ఒక స్టాపు లోపల ఉంటుంది. వెలుతురుని సమంగా పరిచే తెల్ల బిళ్ల లేకుండా ముందువైపు సెన్సర్‌తో కొలిచే యాప్‌ని మాత్రం నమ్మొద్దు. ఫోన్ కాస్త వంచితే అంకె మారిపోతుంది. తప్పుడు కొలబద్దతో ఇంకో కొలబద్దని సరిచేయలేం.

మదనపల్లె_మాస్టారు

ఫిజిక్స్ చెప్పి రిటైరైన వాణ్ణి, ఇది నాకు ఇష్టమైన విషయం. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, వాటిని విడదీయాలి.

ఒకటి, మీటర్ తప్పు చూపిస్తోందా. రెండోది, ఆ తప్పు అన్ని వెలుతురుల్లోనూ ఒకటేనా. మొదటిదానికంటే రెండోదే ముఖ్యం. ఎండలోనూ గదిలోనూ ఒకే మూడోవంతు స్టాపు ఎక్కువ చూపిస్తే ఆ మీటర్ బంగారం. ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుతురుని ఎంత సులువుగా పట్టుకుంటుందో చెప్పే అంకె) డయల్ మూడోవంతు కిందికి తిప్పి వాడుకోవచ్చు. ఎండలో ఒక తేడా, గదిలో ఇంకో తేడా వస్తే ఏ డయలూ దాన్ని బాగుచేయదు. అప్పుడు బ్యాటరీయో సెల్లో చూసుకోవాలి.

పరీక్ష ఇలా చేయండి. ఇంటి బయట నీడలో ఒకే రంగు గోడ చూసుకోండి. మీటర్ సెల్ మీదుండే తెల్లటి గుండ్రని డోమ్ పక్కకి జరిపి, అంటే వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుతురు కొలిచే పద్ధతిలో, గోడ మీద ఒక చోట కొలవండి. డిజిటల్ కెమెరా ఫ్రేము అంతా అదే చోటుతో నింపి, ఫోకస్ ఇన్ఫినిటీకి తిప్పి, గోడ మసకగా ఉండగా దాని రీడింగ్ తీసుకోండి. నీడ మీద పడకూడదు. అదే పరీక్ష ఎండలో, వరండాలో, పగలు గది లోపల, రాత్రి బల్బు కింద చేయండి. అయిదు జతలూ కాగితం మీద రాయండి. పెళ్లి హాల్లో మాత్రం చేయకండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి, షటర్ వేగాన్ని బట్టి కెమెరాలో వెలుతురు మారిపోతుంది.

మీరు పెళ్లిలో చేసిన పొరపాటు ఇంకొకటి ఉండొచ్చు. డోమ్ పెట్టి కొలిస్తే మీద పడే వెలుతురు లెక్క వస్తుంది. కెమెరా తిరిగొచ్చే వెలుతురు చూస్తుంది. పట్టుపంచె కట్టుకున్న పెళ్లికొడుకు దగ్గర ఆ రెండూ ఎప్పటికీ కలవవు. కలవకపోవడం తప్పు కాదు.

తాతయ్యగుంట_ఫోటో

మాస్టారు చివర్లో చెప్పింది జాతరలో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. మాది గుడి దగ్గరే. ప్రతి ఏడాదీ తీస్తా.

బైరాగి వేషం రోజు మా తమ్ముడు ఒళ్లంతా తెల్ల నామం మట్టి పూసుకున్నాడు. తోటి వేషం రోజు అదే తమ్ముడు ఒళ్లంతా బొగ్గు, నడుముకి వేపాకు. అదే గడప, అదే ఉదయం 8 గంటలు, ఆకాశం కూడా ఒకేలా తేటగా ఉంది. మొదటి రోజు కెమెరా ఆ తెలుపుని చూసి 1/500 చెప్పింది. రెండోసారి బొగ్గుని చూసి 1/60 చెప్పింది. మూడు స్టాపుల తేడా. రెండింటినీ నమ్మి తీశా. రెండు ఫోటోల్లోనూ తమ్ముడు ఒకే బూడిద రంగులో నిలబడి ఉన్నాడు. తెలుపు తెల్లగా లేదు, నలుపు నల్లగా లేదు.

మరుసటి ఏడాది స్నేహితుడి దగ్గర మీటర్ తీసుకుని, తమ్ముడి గడ్డం దగ్గర పెట్టి డోమ్ కెమెరా వైపు తిప్పి కొలిచా. నామానికీ 1/200 దగ్గరే, బొగ్గుకీ 1/200 దగ్గరే. ఎందుకంటే పడే ఎండ ఒకటే. తెలుపు తెల్లగా, నలుపు నల్లగా వచ్చింది. బండ వేషం కుంకుమ ఎరుపు, దొర వేషం చందనం పసుపు, అన్నీ దేని రంగులో అవి నిలబడ్డాయి. @పీలేరు_పిక్సెల్ అన్నా, మీటర్ ఎందుకు అంటే నా జవాబు ఇది.

పీలేరు_పిక్సెల్

ఒప్పుకుంటా, ఉదాహరణ బాగుంది. కానీ జాతరలో గడ్డం దగ్గరికి పోయి కొలిచే టైమ్ ఎవరిస్తారు? తోసుకుంటూ పోతుంటారు.

తాతయ్యగుంట_ఫోటో

ఎవరి గడ్డం దగ్గరికో పోనక్కర్లేదన్నా. వాళ్ల మీద పడే ఎండే నా మీదా పడుతుంటే నా ముఖం దగ్గరే కొలుచుకుంటా. నీడలోకి వెళ్లేటప్పుడు మళ్లీ ఒకసారి. పొద్దున రెండు రీడింగులు, ఎండ ఎక్కాక రెండు.

పుత్తూరు_ఫ్లాష్

డోమ్ కెమెరా వైపు తిప్పాలా, లైటు వైపు తిప్పాలా? నేను గొడుగు లైట్లతో తీసేటప్పుడు ఎప్పుడూ లైటు వైపే తిప్పుతా. పెళ్లికూతురి ముఖం మీద వెలుతురు కరెక్టుగా వస్తుంది.

సెలీనియం_మామ

కెమెరా వైపే. ఆ గుండ్రని డోమ్ ముఖం లాంటిది. ఎండ పడే చెంప, నీడలో ఉన్న చెంప, రెండింటినీ కలిపి సగటు చెప్పడానికే దాన్ని గుండ్రంగా చేశారు.

పుత్తూరు_ఫ్లాష్

లైట్లు మన చేతిలో ఉన్నప్పుడు ఒక్కో లైటుని విడిగా కొలిచి నిష్పత్తి పెట్టుకోవాలి మామా. అప్పుడు లైటు వైపు తిప్పక తప్పదు.

సెలీనియం_మామ

స్టూడియోలో ఒక్కో లైటు విడిగా కొలవడానికి సరే. చివరి ఎక్స్‌పోజర్‌కి మాత్రం కెమెరా వైపు. జాతరలో ఎండని ఆర్పి వెలిగించలేం కదా.

కలంకారీ_లక్ష్మి

శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టల ఫోటోలు తీస్తాను, కేటలాగుల కోసం. నా దగ్గర డోమ్ అసలు పనికిరాదు. బట్ట చదునుగా ఉంటుంది కాబట్టి చదును బిళ్ల పెట్టి, లేదా డోమ్ లోపలికి దించి కొలవాలి. రెండు వైపులా 45 డిగ్రీల్లో లైట్లు పెట్టి, బట్ట నాలుగు మూలలూ, మధ్యలో ఒకసారి కొలుస్తా. అయిదు చోట్లా స్టాపులో పదోవంతు కంటే తేడా ఉండకూడదు. ఒక మూల రెండు పదో వంతులు తగ్గినా కరక్కాయ రంగు ఆ మూల మురికిపట్టినట్టు కనిపిస్తుంది. కలంతో గీసిన ఆ నల్ల గీత కింద బట్ట రంగు ఎంత లేతగా ఉంటుందో దగ్గరగా చూసినవాళ్లకే తెలుస్తుంది. కంటికి ఆ తేడా తెలియదు, మీటర్‌కి తెలుస్తుంది.

ఇంకోటి. డోమ్ శుభ్రంగా ఉందా? మా పాత మీటర్ డోమ్ పసుపెక్కి, మూలల్లో కుంకుమ ఇరుక్కుని ఉండేది. తడి గుడ్డతో తుడిస్తే పావు స్టాపు మారింది.

కొర్లగుంట_120

@కలంకారీ_లక్ష్మి అక్కా, ఇప్పుడే చూశా. డోమ్ అంచున నిజంగానే ఎర్రగా ఉంది. ఎన్ని పెళ్లిళ్ల కుంకుమో అది. తుడవాలంటే మనసు రావట్లేదు, కానీ తుడుస్తా.

పుత్తూరు_ఫ్లాష్

గోడ ఎందుకు, 18 శాతం గ్రే కార్డు, అంటే పడిన వెలుతురులో 18 శాతం తిప్పికొట్టే బూడిద రంగు కార్డు కొనుక్కో. మీటర్లన్నీ దానికే కట్టినవి. కార్డు మీద కొలిస్తే అదే ప్రమాణం.

మదనపల్లె_మాస్టారు

అక్కడ చిన్న సవరణ. మీటర్లు కార్డుకి కట్టినవి కావు, ఒక స్థిరాంకానికి కట్టినవి. తిరిగొచ్చే వెలుతురు కొలిచేవాటికి దాన్ని 'కే' అంటారు. కెనాన్, నికాన్, సెకోనిక్ 12.5 వాడతాయి. మినోల్టా, పెంటాక్స్ 14 వాడాయి. ఆ రెండింటి మధ్యే స్టాపులో ఆరోవంతు తేడా ఉంది, అంటే రెండు మంచి మీటర్లు కూడా అంతమాత్రం కలవకపోవచ్చు. వీటిని శాతంలోకి మారిస్తే సుమారు 12, 13 శాతం వెలుతురు తిప్పికొట్టే వస్తువుకి సరిపోతాయని చాలామంది లెక్క. 18కీ దానికీ అరస్టాపు తేడా.

పుత్తూరు_ఫ్లాష్

నేను 15 ఏళ్లుగా కార్డు మీదే తీస్తున్నా మాస్టారూ, ఒక్క ఆల్బమ్ కూడా వెనక్కి రాలేదు.

మదనపల్లె_మాస్టారు

మీరు అలవాటులో ఆ అరస్టాపు ఎక్కడో సర్దుకుంటున్నారు, అది అనుభవం. కొత్తగా మొదలుపెట్టేవారికి అది ఉండదు కదా.

కలంకారీ_లక్ష్మి

18 అయినా 12 అయినా, ఒకే కార్డు, ఒకే కోణం, ప్రతిసారీ. పోల్చడానికి అది చాలు. కార్డు మీద మెరుపు పడకుండా చూసుకోండి, కాస్త కిందికి వంచితే చాలు.

చంద్రగిరి_క్లిక్

కెమెరా పక్కన లేకుండా మీటర్‌ని పరీక్షించొచ్చా? ఎండ తేటగా ఉంటే ఎఫ్ 16, షటర్ ఐఎస్‌ఓ అంత అని ఒక సూత్రం విన్నా.

సెలీనియం_మామ

వినడం సరిగ్గానే విన్నావు. ఐఎస్‌ఓ 125 ఫిల్మ్ అయితే 1/125, ఎఫ్ 16. సుమారు ఈవీ 15 (ఈవీ అంటే ఎక్స్‌పోజర్ అంకె, ఒకటి పెరిగితే ఒక స్టాపు). కానీ మన ఊళ్లో దీనికి ఒక మెలిక ఉంది. తిరుపతిలో ఏప్రిల్ చివర్లో, ఆగస్టు మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఎండ నెత్తిమీద పడుతుంది, ముఖం మీద పడదు. డోమ్‌ని కెమెరా వైపు తిప్పితే సగానికి సగం తగ్గుతుంది. మీటర్ తప్పని అనుకుంటారు, అది నిజమే చెబుతోంది. గుండు కొట్టించుకుని చందనం పూసుకున్న భక్తులని అలిపిరి దగ్గర మధ్యాహ్నం తీసి చూడు. నెత్తి మెరిసిపోతుంది, కళ్లు నల్లటి గుంతలు. ఆ పరీక్ష ఉదయం 9, 10 మధ్య చెయ్యి. సూర్యుడు నీ వీపు వెనక ఉండాలి, ఆకాశంలో మసక ఉండకూడదు.

మదనపల్లె_మాస్టారు

లక్స్ మీటర్ అందుబాటులో ఉన్నవారికి ఇంకో దారి. ఐఎస్‌ఓ 100 దగ్గర, చదును బిళ్లతో కొలిస్తే, 2 ని ఈవీ సార్లు హెచ్చవేసి 2.5తో గుణిస్తే లక్స్ వస్తుంది. ఈవీ 10 అంటే 2,560 లక్స్. ఈవీ 15 అంటే సుమారు 82,000. కొన్ని కంపెనీలు స్థిరాంకం కాస్త మార్చుకుంటాయి కాబట్టి పావు స్టాపు అటూ ఇటూ అయితే కంగారు పడకండి.

సర్క్యూట్_సత్యవేడు

అందరూ మీటర్ గురించే మాట్లాడుతున్నారు. ఆ యాషికా షటర్ సంగతేంటి? దశాబ్దాలుగా పెట్టెలో ఉన్న షటర్. గ్రీజు ఎండిపోతే 1/500 అని రాసున్నది 1/300 కూడా కావొచ్చు. నెమ్మది వేగాలు ఇంకా నెమ్మదిస్తాయి. ఫోన్లో సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్ ఉంటే వెనక మూత తెరిచి 1 సెకను నుంచి 1/30 దాకా ఎన్ని ఫ్రేముల పాటు తెరిచి ఉందో లెక్కపెట్టు. అంతకంటే వేగాలకి అది చాలదు.

కొర్లగుంట_120

రెండు వారాలు పట్టింది, రాసుకున్నవి పెడుతున్నా.

జీరో స్క్రూ కొంచెం తిప్పాల్సి వచ్చింది. డోమ్ తుడిచా. ఆ గుడ్డ పారేయలేదు. 675లు రెండు, కుళాయి వాషర్లు రెండు. వాషర్ లోపలి బెజ్జం కాస్త చిన్నదైతే బ్లేడుతో పెద్దది చేశా.

ఆల్కలైన్‌తో మొదట (అన్నీ స్టాపుల్లో): ఎండలో రెండు మూడో వంతులు ఎక్కువ, నీడలో రెండు మూడో వంతులు, వరండాలో ఒకటి, గదిలో ఒకటి, రాత్రి బల్బు కింద ఒకటీ మూడోవంతు. మాస్టారు చెప్పినట్టు, ఏ డయలుతోనూ తీరని తేడా.

జింక్ ఎయిర్‌తో: ఎండలో మూడోవంతు, నీడలో మూడోవంతు, వరండాలో మూడోవంతు, గదిలో మూడోవంతు. బల్బు కింద మొదట రెండు మూడో వంతులు వచ్చింది. మామ మాట గుర్తొచ్చి కవరులో అయిదు నిమిషాలు పెట్టి, ముల్లు ఆగేదాకా చూశా. మూడోవంతు! ఆ క్షణం ఇంట్లో గట్టిగా అరిచా, అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

సెల్ పోలేదు. పారేయమన్న మీటర్ ఇది.

షటర్: 1/30 దాకా పర్వాలేదు, 1 సెకను మాత్రం ఒకటిన్నర తీసుకుంటోంది. జాతరలో దాంతో పని లేదు.

మదనపల్లె_మాస్టారు

అయిదు చోట్లా మూడోవంతే. పాత మీటర్‌కి ఇంతకంటే మంచి ఫలితం అడగకూడదు. జింక్ ఎయిర్ 1.4, అసలుది 1.35. ఆ కాస్త ఎక్కువ వోల్టేజీకి కూడా ఇందులో వాటా ఉంటుంది. ఏ ఫిల్మ్ వేస్తున్నారు?

కొర్లగుంట_120

ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్. బ్లాక్ అండ్ వైట్, 125.

మదనపల్లె_మాస్టారు

మీటర్ డయలు 100 మీద పెట్టండి. 125 నుంచి సరిగ్గా మూడోవంతు కిందికి. ఇక మరిచిపోండి.

సెలీనియం_మామ

మరిచిపోకముందు ఒక రోలు పరీక్షకి ఖర్చుపెట్టు. అమ్మని వరండాలో కూర్చోబెట్టి, పక్కన తెల్ల తువ్వాలు, నల్ల గొడుగు పెట్టి, మీటర్ చెప్పినట్టు ఒకటి, ఒక స్టాపు ఎక్కువ ఒకటి, రెండు ఎక్కువ ఒకటి, ఒకటి తక్కువ ఒకటి. మీటర్, షటర్, లెన్స్, ఫిల్మ్, నువ్వు కడిగే మందు, అన్నీ కలిసి ఇచ్చే జవాబు అదే.

తాతయ్యగుంట_ఫోటో

తోటి వేషానికి ఒక సలహా. పడే వెలుతురు కొలిస్తే బొగ్గు నల్లగా వస్తుంది, కానీ ఫిల్మ్ మీద మరీ ముద్ద నలుపు కాకుండా ఉండాలంటే అరస్టాపు ఎక్కువ ఇవ్వు. నెగెటివ్ ఫిల్మ్ ఆ ఎక్కువని తట్టుకుంటుంది, తక్కువైతే మాత్రం నీడల్లో ఏమీ మిగలదు.

పీలేరు_పిక్సెల్

జాతర అయ్యాక ఫోటోలు ఇక్కడ పెట్టు తమ్ముడూ. చూడాలని ఉంది. నాకు కూడా ఒక మీటర్ కొనాలనిపిస్తోంది, గొడుగు లైట్లకి.

కొర్లగుంట_120

జాతర అయింది. నాలుగు రోలు తీశా, 48 ఫ్రేములు. నిన్న రాత్రి బాత్రూములో కడిగి ఆరేశా.

48లో వెలుతురు చాలనివి రెండే. ఆ రెండూ గుడి ఆర్చి కింద, మళ్లీ కొలవకుండా నీడలోకి పరిగెత్తినప్పటివి. మిగతావన్నీ నెగెటివ్‌లో సమానంగా, ఒకే చిక్కదనంతో ఉన్నాయి. తోటి వేషం అబ్బాయి ఒకడు గడప దగ్గర కూర్చుని నీళ్లు తాగుతుంటే తీశా, అరస్టాపు ఎక్కువ ఇచ్చి. భూతద్దంతో చూశా. బొగ్గు మీద చెమట జారిన గీతలు విడివిడిగా ఉన్నాయి. నడుము దగ్గర వేపాకు రంపపు అంచులు కూడా లెక్కపెట్టొచ్చు. స్కాన్ చేసి పెడతా.

నాన్న చీటీ మళ్లీ కవరులోనే పెట్టా. వెనకవైపు నేను ఒక లైను రాశా: "675, డయలు మూడోవంతు కిందికి."

ఒక చివరి డౌట్. మళ్లీ దసరా దాకా మీటర్ వాడను. ఈ జింక్ ఎయిర్‌కి స్టిక్కర్ తిరిగి అంటిస్తే నిలబడుతుందా?

సర్క్యూట్_సత్యవేడు

ఒకసారి గాలి తగిలాక పూర్తిగా ఆగదు, పెద్ద లాభం లేదు. తీసేసి, మీటర్ ఖాళీగా ఉంచు. దసరాకి కొత్తవి తెచ్చుకో, వాషర్లు మాత్రం దాచుకో.